సరాయి నుంచి లాడ్జి దాకా

మన దగ్గర హోటలంటే ఛాయ్ తాగే చోటు, అన్నం తినే చోటు. పండుకునేది లాడ్జి. లాడ్జికి ముందు సత్రాలు, సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు. ముసాఫిర్ అన్న మాటలో మతం లేదు. బాట నడిచి వచ్చినవాడని, అంతే అర్థం. ఆ ముసాఫిర్‌కి ఇవాళ కౌంటర్ దగ్గర ఎదురయ్యే మొదటి ప్రశ్న - నీ పేరేంది? ఈ ప్రశ్నకి ఒక చరిత్ర ఉంది.

హయాత్‌నగర్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. అక్కడి మసీదు చుట్టూ కమానులతో గదుల వరుస ఉంది. అది బాటసారుల సరాయి. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, మూసీ అవతలి పేటలో మసీదులే పరదేశులకు సరాయిలుగా ఉన్నాయని రాశాడు.

అట్లాగని పాత కాలమంతా బంగారం కాదు. ఉత్తరాదిన షేర్షా (1540-45) బాటల పొడుగునా కట్టించిన సరాయిల్లో హిందువులకు వేరు, ముస్లింలకు వేరు బస. శ్రీశైలంలో, యాదగిరిగుట్టలో కులాల పేర్లతో సత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. గడప దగ్గర మనిషిని వేరుచేయడం ఈ నేలకి కొత్త కాదు.

సర్కారు ఈ గడప మీద కన్ను వేసింది 1867లో. బ్రిటిష్ ఇండియాకి చేసిన సరాయిల చట్టం ప్రకారం సరాయిని రిజిస్టర్ చేయించాలి, శుభ్రంగా ఉంచాలి, అద్దెల పట్టిక అందరికీ కనబడేటట్టు పెట్టాలి. రాత్రి ఎవరెవరు దిగారో చెప్పమని మేజిస్ట్రేట్ అడగొచ్చు. 1946 విదేశీయుల చట్టం పరదేశి అతిథుల వివరాలు ఇవ్వమంది. 2025లో దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. ఈ చట్టాలన్నీ వచ్చినవాడెవడో చెప్పమన్నాయి. వెళ్లగొట్టమని ఏదీ అనలేదు.

పైగా 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ల పేరెత్తి మరీ చెప్పింది - మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో దేన్ని బట్టీ ఏ పౌరుణ్ణీ అక్కడ అడ్డుకోకూడదని. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం లెక్కలో హోటలంటే లాడ్జి కూడా.

ఇక సిద్దిపేట. హైదరాబాద్ - కరీంనగర్ బాట మీది ఊరు. 2016లో జిల్లా అయింది, 2023లో రైలొచ్చింది. కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయేవాళ్లు, ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లు, మందుల కంపెనీల వాళ్లు. ఇక్కడి ఒక లాడ్జి కౌంటర్‌లో కొంతకాలం కూచున్నాను. అడ్వాన్సు తీసుకోవాలి, గుర్తింపు కార్డు జిరాక్స్ పెట్టాలి, 24 గంటలు దాటితే ఇంకో రోజు కిరాయి రాయాలి. బకెట్ లేదని ఒకరు, ఏసీ పనిచేస్తలేదని ఒకరు. గట్టిగా మాట్లాడినవాడికి నెమ్మదిగా జవాబు చెప్పాలి. ఈ రూల్సన్నీ గోడ మీద ఉన్నాయి. వీటితో పేచీ లేదు.

గోడ మీద లేని రూలు ఒకటుంది. 2007లో హైదరాబాద్‌లో మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. మసీదులో చచ్చిపోయిందీ మనవాళ్లే, పోలీసులు పట్టుకపోయిందీ మన పిల్లల్నే. వాళ్లలో చాలామంది నిర్దోషులని కోర్టులు తర్వాత తేల్చాయి. కానీ ఆ అనుమానం ఊరూరికీ పాకి లాడ్జి కౌంటర్ దాకా వచ్చింది.

గడ్డపాయన సంచి పట్టుకొని లోపలికొస్తే సేటు మెల్లగా అనేవాడు, "ఖాళీ లేవని చెప్పు భాయ్, పోలీసులతోని మనకెందుకు లొల్లి." నా వెనక పలకకి తాళంచెవులు వేలాడుతూనే ఉండేవి. సలాం చేసి వచ్చిన మనిషికి సలాం తిరిగి చెప్పి, అదే నోటితో లేవని చెప్పాలి. నా పేరు కౌంటర్ లోపల పనికొస్తుంది. అట్లాంటి పేరే కౌంటర్ బయట పనికిరాదు. కాదంటే నౌకరీ పోతుంది.

యజమాని భయం అబద్ధమని అనను. పోలీసు వేధింపు నిజమే. అయితే ఆ భయానికి మూల్యం కట్టేదెవరు? రాత్రి పూట బస్టాండులో పండుకునే ముసాఫిర్. అబద్ధమాడే గుమాస్తా.

కాబట్టి మనం అడగాల్సింది పెద్దదేం కాదు. 1867 నాటి దొరలు కూడా అద్దె నలుగురికీ కనబడేటట్టు పెట్టమన్నారు. ఇప్పుడు రూలేదైనా గోడకి రాసి పెట్టమందాం. సంతకం పెట్టి రాయగలిగితే అది రూలు. రాయడానికి సిగ్గయితే, దాన్ని జీతగాడి నోటితో చెప్పించొద్దు.