పడక మీద మొదలైన కసరత్తు

యుద్ధంలో దెబ్బతిన్న సైనికుడి చేత కసరత్తు చేయించడం వైద్యంలో భాగమై వందేళ్లు దాటింది. అంతకు ముందు శతాబ్దాల తరబడి గాయానికి మందు పడకే. ఎముక విరిగితే కట్టు, కాలు పోతే చేతికర్ర, నడుం విరిగితే ఓ మూల మంచం. ప్రాణం నిలిస్తే వైద్యుడి పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఆ మనిషి ఎలా లేవాలి, ఎలా నడవాలి, మళ్లీ పొలానికి ఎలా వెళ్లాలి అన్నది ఇంటివాళ్ల బాధగా మిగిలిపోయేది.

ఈ చరిత్రకు శ్రీకాకుళం జిల్లాతో సంబంధముంది. ఈస్టిండియా కంపెనీ దక్షిణాది నుంచి బెంగాలుకు నడిపించిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే స్థిరపడింది. ఇప్పుడూ టెక్కలి చుట్టుపక్కల, పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా పరుచుకున్న ఉద్దానం పల్లెల్లో సైన్యంలో పనిచేసినవాళ్లు, పనిచేస్తున్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. తెల్లవారకముందే కొబ్బరి, జీడి తోటల మధ్య దారుల్లో, సముద్రపు ఇసుకలో కుర్రాళ్లు పరుగు తీస్తుంటారు. సైనిక ఎంపికలో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. కడ్డీ పట్టుకుని గడ్డం పైకి వచ్చేలా లేవాలి, తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి, వంకరటింకరగా పోయే సన్నటి దిమ్మె మీద తూలకుండా నడవాలి. ఈ చివరి పరీక్ష కుర్రాళ్లకు అన్నిటికన్నా తేలికగా అనిపిస్తుంది. కాలు పోయిన సైనికుడు మళ్లీ అక్షరాభ్యాసం నుంచి నేర్చుకోవలసిన విద్య అదే.

కదలికను వైద్యంగా చూసే ఆలోచనకు ఐరోపాలో స్వీడన్ పెద్ద పీట వేసింది. పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం పెట్టి, రోగుల చేత చేయించే కసరత్తులను ఒక శాస్త్రంగా కూర్చాడు. అయినా ఆసుపత్రులు వాటిని నిజంగా పట్టించుకున్నది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాకే. గాయపడినవాళ్లు లక్షల్లో తిరిగొస్తుంటే వాళ్లను మంచాల మీద ఉంచి పోషించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాలేదు. బ్రిటన్‌లో 1914లో ఆల్మెరిక్ పేజెట్ పేరుతో యాభై మంది మర్దన నిపుణురాళ్ల దళం మొదలైంది. యుద్ధం ముగిసేనాటికి అది వేల సంఖ్యకు పెరిగింది. ఎముకల వైద్యుడు రాబర్ట్ జోన్స్ లండన్‌లోని షెపర్డ్స్ బుష్ ఆసుపత్రిలో కసరత్తు శాలలతో పాటు వడ్రంగం, కమ్మరం వంటి పనిశాలలు కూడా పెట్టించాడు. రంపం లాగే చేతికి అదే వైద్యం అన్నది అక్కడి నమ్మకం.

ఆ యుద్ధ కాలంలోనే ఒక జర్మన్ బందీ ఆలోచన వేరే దారిలో సాగింది. జోసెఫ్ పిలాటీస్ 1883లో మొన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసం, రికెట్స్, కీళ్ల జ్వరం పీడించాయి. బలహీనమైన ఒంటిని తనే దిద్దుకుంటూ జిమ్నాస్టిక్స్, బాక్సింగ్ నేర్చాడు, ఇంగ్లండు చేరి సర్కసులోనూ పనిచేశాడు. యుద్ధం రాగానే శత్రుదేశస్థుడని నిర్బంధించి, ఐల్ ఆఫ్ మన్ దీవిలోని నాకలో శిబిరానికి పంపారు. ఇరవై వేలకు పైగా మనుషుల్ని ముళ్లకంచెల వెనక ఉంచిన చోటది. లేవలేని రోగుల మంచాలకు స్ప్రింగులు బిగించి, పడుకున్న చోటే కాళ్లూ చేతులూ ఆడించేలా చేశానని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఆ పద్ధతి పైకి చిన్నదిగా కనిపిస్తుంది. మంచం పై చట్రానికి స్ప్రింగు, దాని కొసన పట్టీ, పట్టీలో పాదం. రోగి వెల్లకిలా పడుకుని కాలిని మెల్లగా కిందికి తోస్తాడు. స్ప్రింగు సాగుతుంది. అసలు కష్టం తిరుగు ప్రయాణంలో ఉంటుంది. స్ప్రింగు లాగేస్తుంటే కాలిని జారనివ్వకుండా, ఊపిరి వదులుతూ అంగుళం అంగుళంగా పైకి రానివ్వాలి. నిలబడితే మీద పడే ఒంటి బరువు ఇక్కడ లేదు, కాబట్టి పుండు మానని కీలుకు దెబ్బ తగలదు. కండ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. 1926లో న్యూయార్కు చేరిన పిలాటీస్ ఇదే సూత్రాన్ని స్ప్రింగులతో జారే బల్లగా మలిచాడు. దాన్ని రిఫార్మర్ అంటారు. తన పద్ధతికి ఆయన పెట్టిన పేరు కంట్రాలజీ. మొదట ఆదరించింది గాయాలపాలైన నాట్యకారులు. ఆయన 1967లో చనిపోయాకే అది పిలాటీస్ పేరుతో లోకమంతా పాకింది.

పిలాటీస్ పుట్టిన దశాబ్దంలోనే అప్పటి గంజాం, విశాఖ సీమలో మరొక బలశాలి పుట్టాడు. వీరఘట్టం వాడైన కోడి రామమూర్తి నాయుడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ విద్య చదివి, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి, సర్కసు కట్టి, లండన్ దాకా వెళ్లి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్నాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవాడు. ఆయన బలరహస్యం ప్రాణాయామమని అంటారు. చివరి రోజుల్లో కాలి పుండు ముదిరి కాలు తీసేయవలసి వస్తే మత్తుమందు లేకుండానే శస్త్రచికిత్స చేయించుకున్నాడని శ్రీకాకుళం వాసులు చెప్పుకుంటారు. 1942లో కన్నుమూశాడు. ఇద్దరికీ పరిచయం లేదు. ఇద్దరూ సర్కసు చూశారు, ఇద్దరూ ఊపిరిని నమ్ముకున్నారు. పిలాటీస్ అభ్యాసాల్లో మొదటిది పూర్తిగా ఊపిరి లెక్కే. వెల్లకిలా పడుకుని కాళ్లు ఎత్తి, ఐదు లెక్కలు పీల్చి ఐదు లెక్కలు వదులుతూ, చేతులు వందసార్లు ఆడించాలి. తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసినవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. మన నేల మీదే ఇంతటి ఊపిరి విద్య ఉండి, దాన్ని గాయపడినవాళ్లకు వైద్యంగా మలిచేవారు అప్పట్లో పెద్దగా లేకపోవడం తలచుకుంటే బాధ కలుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ విద్యకు కొలతలు వచ్చాయి. అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ షికాగో ఆసుపత్రిలో మోకాలు దెబ్బతిన్న జవాన్ల చేత క్రమంగా బరువులు పెంచుతూ ఎత్తించి, 1945లో ఆ పద్ధతిని ప్రకటించాడు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ 1944 నుంచి వెన్నెముక విరిగిన సైనికులకు వైద్యం చేశాడు. అంతకు ముందు అటువంటివాళ్లు ఏడాది రెండేళ్లకు మించి బతకరని వైద్యులే ఆశ వదులుకునేవారు. ఆయన వాళ్లకు బంతి ఇచ్చాడు, విల్లు ఇచ్చాడు. 1948 జులై 29న పదహారు మందితో జరిపిన విలువిద్య పోటీ నుంచే పారాలింపిక్స్ పుట్టాయి.

ఇక మన దేశానికి వస్తే, భారత సైనికుల కోసం 1917లో క్వీన్ మేరీ పేరిట వృత్తివిద్యాలయం వెలిసింది. అది పుణె దగ్గర ఖడ్కీలో నేటికీ నడుస్తోంది. 1944లో పుణెలో కృత్రిమ అవయవ కేంద్రం ఏర్పడింది. ఇక్కడ మురళీకాంత్ పేట్కర్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుం కింది భాగం చచ్చుబడిన ఈ బాక్సరు, ఫిజియోథెరపీ కోసం నీళ్లలో దిగాడు. ఏడేళ్ల తర్వాత, 1972లో, హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈతలో 50 మీటర్లు 37.33 సెకన్లలో ముగించి దేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడు. వైద్యం కోసం దిగిన నీళ్లే ఆయనకు పోటీ బరి అయ్యాయి. 1999 కార్గిల్ పోరులో 527 మంది అమరులైతే, గాయపడినవాళ్లు 1,300కు పైమాటే. అప్పుడు కుడికాలు పోగొట్టుకున్న మేజర్ దేవేందర్ పాల్ సింగ్ తర్వాత కార్బన్ కాలితో మారథాన్లు పరుగెత్తాడు. అటు అమెరికాలోనూ 2017లో మాజీ సైనికుల శాఖ యోగాను, తాయ్‌చీని తన వైద్య సేవల్లో చేర్చుకుంది.

ఒక కాలు పోయినవాడి ఒంట్లో ఏం జరుగుతుందో చూస్తే ఈ కసరత్తుల అవసరం తెలుస్తుంది. బరువంతా రెండో కాలి మీదికి ఒరుగుతుంది. తుంటి ఎగుడుదిగుడవుతుంది, కొన్నేళ్లకు నడుం నొప్పి పట్టుకుంటుంది. తొడ కండ వాడకం తగ్గి సన్నబడితే కృత్రిమ కాలి గిన్నె వదులవుతుంది, రాపిడికి పుండు పడుతుంది. పొట్ట, వెన్ను, తుంటి కండలను బిగించే అభ్యాసాలు ఈ వరసనంతా వెనక్కి తిప్పడానికే.

ఉద్దానంలో కాలు పోయినవాడికి నేల కూడా అడ్డొస్తుంది. ఇసుకలో అడుగు దిగబడుతుంది, మడమ నిలవదు. జీడిపిక్కలు ఏరాలంటే గొంతుకూర్చోవాలి, బురద మడిలో చెప్పులుండవు. పాశ్చాత్య దేశాల కృత్రిమ పాదం బూటు కోసం తయారైంది, ఇక్కడ పనికిరాదు. 1968లో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ చేసిన జైపూర్ పాదం రబ్బరుది, వంగుతుంది. దానితో వట్టికాళ్లతోనే నడవొచ్చు, గొంతుకూర్చోవచ్చు. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003లో మొదలైంది. అయినా పలాస నుంచి విశాఖలోని నౌకాదళ ఆసుపత్రి కళ్యాణి చాలా దూరం. వారానికి మూడుసార్లు అంతదూరం వెళ్లి కసరత్తు చేసి రావడం కుదరదు. పిలాటీస్ అభ్యాసాల్లో చాలావాటికి యంత్రం అక్కర్లేదు. ఫిజియోథెరపిస్టు ఒకసారి దగ్గరుండి నేర్పి, తప్పులు దిద్ది పంపితే, ఆ తర్వాత ఇంటి అరుగు మీద చాప పరుచుకుని రోజూ అరగంట చేసుకోవచ్చు.