బ్రేకుల కీచు శబ్దం: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు

కారు బ్రేకు నొక్కినప్పుడు ప్యాడుకూ డిస్కుకూ మధ్య, లేదా వెనక చక్రాల్లో లైనరుకూ డ్రమ్ముకూ మధ్య రాపిడి వల్ల పుట్టే సన్నని మోతను కీచు శబ్దం అంటారు. దీని పౌనఃపున్యం సాధారణంగా 1,000 నుంచి 16,000 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. అంతకన్నా మంద్రంగా వినిపించే మూలుగును, గరగరను వేరే దోషాలుగా లెక్కించాలి. రాపిడి సూత్రాలు ఎక్కడైనా ఒకటే. బొగ్గు, గ్రానైటు దుమ్ము, చలికాలపు మంచు, ఘాట్ రోడ్లు పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రత్యేకతలు కాబట్టి ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాం.

డిస్కు బ్రేకు ఎంత పాతదో ఈ మోత కూడా దాదాపు అంత పాతది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో ఇంగ్లండులో పేటెంటు పొందిన డిస్కు బ్రేకులో రాగి ప్యాడ్లు లోహపు డిస్కును పట్టుకొని భరించలేనంత అరిచేవని చెబుతారు. ఫెరోడో సంస్థను నెలకొల్పిన హెర్బర్ట్ ఫ్రూడ్ 1907 ప్రాంతంలో ఆస్‌బెస్టాస్ లైనింగు అతికించి దాన్ని అణచాడని ప్రతీతి. డ్రమ్ము బ్రేకు ఎవరిదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. చాలా పుస్తకాలు 1902 నాటి లూయీ రెనోను పేర్కొంటాయి, కొన్ని అంతకు ఒకటి రెండేళ్ల ముందే మేబాక్ వాడాడంటాయి. మేబాక్‌ది ప్రాథమిక రూపమేనని అనుకుంటే రెండు కథనాలకూ పొత్తు కుదురుతుంది.

కారణం గురించి గ్యారేజీలో ఒక మాట, ప్రయోగశాలలో ఒక మాట వినిపిస్తాయి. గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల వైపు మెకానిక్కులు బొగ్గు దుమ్మునూ, కరీంనగర్ చుట్టుపక్కల వాళ్లు గ్రానైటు క్వారీల పొడినీ తప్పుపడతారు. ఇంజినీర్లు మాత్రం దీన్ని కంపనంగానే చూస్తారు. ప్యాడు పట్టి జారి, మళ్లీ పట్టి జారుతూ ఉంటే డిస్కు, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ కలిసి కంపిస్తాయని పాత వివరణ. 1960ల మొదట్లో ఆర్.టి. స్పర్ దీనికి తోడు ప్యాడు ఒరిగి కొక్కెంలా బిగుసుకొని వదిలే తీరును వివరించాడు. 1970ల నుంచి భాగాల సహజ కంపనాలు ఒకదానితో ఒకటి జతపడటమే అసలు కారణమన్న వాదం బలపడింది. ఇప్పటి పరిశోధనల్లో ఎక్కువ భాగం దీనివైపే మొగ్గుతుంది. కొత్త ప్యాడ్లు వేసినా మోత ఆగని బండ్లను గమనిస్తే ఆ మొగ్గు సబబే అనిపిస్తుంది. అలాగని దుమ్ము వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండేది డ్రమ్మే. డ్రమ్ములో చేరిన పొడి బయటికి పోయే దారి లేక షూల మధ్యే ముద్ద కడుతుంది.

గుర్తుపట్టడానికి మోత ఎప్పుడు వస్తోందన్నదే మొదటి ఆధారం. ఆదిలాబాద్‌లో చలికాలం రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. అలాంటి తెల్లవారుజామున, లేదా వాన వెలిసిన మర్నాడు, డిస్కు మీద పలుచగా తుప్పు పడుతుంది. నాలుగైదుసార్లు బ్రేకు వేశాక మోత ఆగిపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బ్రేకు వేయకపోయినా బండి నడుస్తున్నంతసేపూ సన్నగా కీచుమంటుంటే అరుగుదల రేకు డిస్కుకు తగులుతోందేమో చూడాలి. ప్యాడు 2, 3 మిల్లీమీటర్లకు అరిగినప్పుడు తగిలి మోగేలా తయారీదారులే ఈ చిన్న ఉక్కు రేకును పెడతారు. అన్ని ప్యాడ్లకూ ఇది ఉండదు. చౌక ప్యాడ్లలో తరచు కనిపించదు. గరగర వినిపిస్తే రాపిడి పదార్థం అయిపోయి ప్యాడు వెనక ఇనుప పలక డిస్కును కొరుకుతోందని అనుమానించాలి. ఆ స్థితిలో బండి తీయకపోవడమే మేలు.

చక్రం విప్పకుండా రిమ్ము సందుల్లోంచి టార్చి వేసి ప్యాడు మందం చూసుకొని సరిపెట్టుకునే అలవాటు మనవాళ్లలో ఎక్కువ. అలా కనిపించేది బయటి ప్యాడు ఒక్కటే. కాలిపర్ జారే పిన్ను ఎండి బిగుసుకుపోతే బయటిది 6 మిల్లీమీటర్లు ఉండగానే లోపలిది 2కు చేరవచ్చు. జాకీ ఎక్కించి చక్రం తీశాక కాలిపర్‌ను చేత్తో అటూ ఇటూ కదపాలి. అది సులువుగా జారకపోతే పిన్నులు తీసి తుడిచి, రబ్బరుకు పడే సిలికాన్ గ్రీసు రాయాలి. మామూలు గ్రీసు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పెట్రోలుతో కడిగినా రబ్బరుకు అదే ముప్పు. డీజిల్, కిరోసిన్ అయితే ప్యాడు మీద జిడ్డు కూడా మిగులుస్తాయి.

నున్నబడి మెరుస్తున్న ప్యాడును గరుకు కాగితంతో రుద్దడం అందరూ చేసేదే. మోత కొన్నాళ్లు తగ్గుతుంది కానీ మూలం పోదు. ప్యాడు అంచులను ఏటవాలుగా అరగదీయడం, వెనక పలకకు షిమ్ (పలుచని రేకు) వేయడం, పలక తగిలే చోట్ల వేడికి కరగని గ్రీసు పలుచగా పూయడం కంపనాన్నే తగ్గిస్తాయి కాబట్టి వాటి ఫలితం ఎక్కువకాలం నిలుస్తుంది. రాపిడి ముఖానికి మాత్రం గ్రీసు చుక్క కూడా తగలకూడదు. డిస్కుకు గాళ్లు పడితే లేతు పట్టిస్తారు. డిస్కు మీదే అచ్చువేసి ఉండే కనీస మందం కంటే తగ్గేలా ఉంటే మార్చేయడమే మార్గం. డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఊదడం ఊరూరా కనిపించే పని. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడవాలి, లేదా బ్రేక్ క్లీనర్‌తో కడగాలి.

కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. కొండగట్టు అంజన్న గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, అప్పుడే కొండ దిగే ఆచారం ఈ ప్రాంతంలో బలంగా ఉంది. కుదురుకోని ప్యాడ్లను దిగువలో అదేపనిగా నొక్కి ఉంచితే అవి వేడెక్కి నున్నబడతాయి. షోరూం నుంచి వచ్చిన వారానికే బ్రేకు కీచుమనడానికి ఇది ఒక కారణం కావచ్చు.

బ్రేకు పట్టు తప్పడం కీచు శబ్దానికి సంబంధం లేని వేరే దోషం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే మోత లేని బండి క్షేమమన్న భ్రమ పుట్టింది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో జగిత్యాల డిపో ఆర్టీసీ బస్సు లోయలో పడింది. తొలి వార్తల్లో 57గా ఉన్న మృతుల సంఖ్య తర్వాత 60 దాటింది. బ్రేకులు పట్టలేదన్న మాట, సామర్థ్యానికి మించి ప్రయాణికులు ఎక్కారన్న మాట రెండూ అప్పట్లో వినిపించాయి. దిగువలో బరువు పెరిగేకొద్దీ బ్రేకు మీద వేడి పెరుగుతుంది గనుక ఒకదాన్ని ఒప్పుకున్నంత మాత్రాన రెండోదాన్ని తోసిపుచ్చనక్కర్లేదు.

వేడెక్కిన బ్రేకు చాలాసార్లు చప్పుడు లేకుండానే పట్టు విడుస్తుంది. గాలిలోని తేమను పీల్చుకున్న బ్రేక్ ఆయిల్ ముందే మరుగుతుంది: డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ చేరాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుట్టాయంటే పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది. నిర్మల్, ఆదిలాబాద్ మధ్య మహబూబ్ ఘాట్‌లోనైనా, ఆసిఫాబాద్ వైపు కెరమెరి ఘాట్‌లోనైనా డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగవద్దు. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగండి, బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్పించండి.