బందరు రేవున పుట్టిన పాదిరిబిడ్డ

సూరత్ నగరమున గోడాదరా మొదలగు పేటలలో మరమగ్గముల పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. పుట్టినయూరొకటి, పెరుగునది వేరొకటియైన పిల్లలు ఆ యిండ్లలో నరుదు కారు. ఇట్టి బాల్యము మనవారికే కాదు, మన తీరమునకు వచ్చిన పరదేశీయుల బిడ్డలకును కలిగినది.

సూరత్‌నకు తోబుట్టువని చెప్పదగిన తెలుగు రేవు మచిలీపట్టణము. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో బందరునందును, 1613లో సూరత్‌నందును వర్తకస్థానములు నెలకొల్పిరి. రెండును నూలుబట్టలవలన ప్రసిద్ధికెక్కినవే. పిదప నొకటి మద్రాసునకు, రెండవది బొంబాయికి పెద్దరికమును విడిచినవి. ఆ బందరునందు 1841లో హెన్రీ ఎలియట్ ఫాక్స్ అను బాలుడు జన్మించెను. తండ్రి హెన్రీ వాట్సన్ ఫాక్స్ ఆ యేడే చర్చి మిషనరీ సంఘము పక్షమున, రాబర్ట్ నోబిల్‌తో గూడ తెలుగుదేశమునకు వచ్చిన పాదిరి. రగ్బీ పాఠశాలలోను ఆక్స్‌ఫర్డునందును చదివినవాడు. అప్పటికి వయస్సు ఇరువదినాలుగేండ్లు మించలేదు.

బందరు సముద్రము చూచుటకు సొగసైనది కాదు. ఒడ్డున బురద నేలలు. నీరు లోతులేనందున ఓడలు దూరముననే లంగరు వేయవలసియుండెను. మనుష్యులును మూటలును పడవలపై నచ్చటికి పోవలెను. ఉప్పుగాలి, ఎండ, జ్వరములు ఆ తీరమున కలవాటు. ఆ కాలమున దొరల బిడ్డలు ఆయాల చేతులలో పెరిగి, తల్లిభాషకంటె ముందు దేశభాషను పలుకుట సామాన్యము. కాని ఐదారేండ్లు నిండకమునుపే వారిని సీమకు పంపివేయుటయు నంతే సామాన్యము. లండను సమీపమున వాల్తమ్‌స్టోలో మిషనరీల కుమార్తెలకు 1838లోను, కుమారులకు 1842లోను ప్రత్యేక పాఠశాలలు వెలసినవనగా, తలిదండ్రులుండియు లేనివారివలె పెరిగిన పిల్లలెందరో యూహింపవచ్చును.

ఫాక్స్ ఇంట నీ యెడబాటు మరింత కఠినముగా వచ్చెను. 1845లో ఆయన భార్య ఎలిజబెత్తును, ఒక బిడ్డయు మరణించిరి. హెన్రీ ఎలియట్‌కు అప్పటికి నాలుగేండ్లు. తండ్రి స్వదేశమునకు పోయి, పిల్లల నచ్చట బంధువులకడ నుంచి, తాను మరల బందరు చేరెను. కర్తవ్యమనవచ్చును, కాని తల్లి పోయిన పసివాని పక్షమున నాలోచించిన, ఆ మాట అంత సులభముగా నోటికి రాదు. తండ్రి కంఠస్వరమును ఆరోగ్యమును చెడి 1848లో తిరిగిపోయెను. ఆ యేటి అక్టోబరు 14వ తేదీన డర్హములో కన్నుమూసెను. ఆయన పేర రగ్బీ పాఠశాలవారు బందరులోని నోబిల్ పాఠశాలకొక ఉపాధ్యాయుని పోషించుటకు పూనుకొనిరి.

నోబిల్ వివాహమాడలేదు, మరల స్వదేశము చూడనూలేదు. 1843లో ఆయన స్థాపించిన బడి బిడ్డలే ఆయన సంసారము. అయితే ఆ బిడ్డలకును తలిదండ్రులుండిరి గదా! 1852లో మంచాల రత్నము, అయినాల భూషణము అను నిద్దరు విద్యార్థులు క్రైస్తవమతము పుచ్చుకొనగా పట్టణము కల్లోలమయ్యెను. చాలమంది బడి మానిరి. సీమలో పిల్లలను విడిచి వచ్చిన పాదిరుల దుఃఖమును గూర్చి పుస్తకములు వెలువడినవి. బందరు వీధులలో కుమారులను పోగొట్టుకొంటిమని విలపించిన తల్లుల మాట వ్రాసినవారు తక్కువ. చరిత్రకారులు రెండింటిని ఒకే పుటలో నుంచుట న్యాయము.

ఆ యిద్దరును 1864లో పాదిరులుగా అభిషిక్తులైరి. ఆ సంవత్సరమే నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పట్టణముపై బడి, సుమారు ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొనెను. నోబిల్ బ్రదికి బయటపడెను గాని మరుసటియేడే మరణించెను.

హెన్రీ ఎలియట్ ఫాక్స్ తండ్రివలెనే మతాచార్యుడై, 1895 మొదలు 1910 వరకు ఆ చర్చి మిషనరీ సంఘమునకే గౌరవ కార్యదర్శిగా నుండెను. నాలుగేండ్లకే తాను విడిచిన బందరునుండి వచ్చు మిషను వ్యవహారములును ఆ పదునైదేండ్లు ఆయన బల్లమీదికి చేరుచుండెను.