బండి పేరు కాదు, పంపు పేరు

సిద్దిపేటకు రైలు 2023 అక్టోబరులో వచ్చింది. అప్పటిదాకా ఈ ఊరికి ఏది రావాలన్నా, ఇక్కడి నుంచి ఏది పోవాలన్నా రోడ్డే దిక్కు. నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలైంది. ఆ తర్వాత ఇప్పుడు రాజీవ్ రహదారి అంటున్న కరీంనగర్ బాట మీద లారీలు, జీపులు, ట్రాక్టర్లు తిరిగాయి. ఊరి గురించి రాసేవాళ్లు కోమటి చెరువును, గొల్లభామ చీరను మరిచిపోరు. డీజిల్ మెకానిక్కులకు, స్పేర్ పార్టుల దుకాణాలకు కూడా ఆ రాతల్లో చోటు ఉండాలని నా కోరిక. నేను అలాంటి దుకాణం కౌంటర్ వెనకే పెరిగాను. పాత డీజిల్ బండికి ఫిల్టర్ సామాను వెతికే విద్య మాకెలా అబ్బిందో చెబుతాను.

ముందు ఫిల్టర్ విలువ తెలియాలి. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ డీజిల్‌ను కొలిచి, సరైన క్షణంలో నాజిల్‌కు కొట్టేది పంపు. పంపులో ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క. ఆ రెంటికీ కందెన కూడా డీజిలే. దుమ్ము పోతే గీతలు పడతాయి, నీళ్లు పోతే తుప్పు పడుతుంది. మా వైపు రైతులు డీజిల్‌ను డ్రమ్ముల్లో తెచ్చి నిల్వ చేసుకునేవాళ్లు. బావుల మీది ఆయిల్ ఇంజన్లకూ, ట్రాక్టర్లకూ అదే డీజిల్. ఒక్కోసారి జీపులోకీ అదే. డ్రమ్ము అడుగున చేరిన నీళ్లకూ మట్టికీ పంపును బలి కాకుండా కాపాడింది ఫిల్టరే.

ఈ పంపులూ ఫిల్టర్లూ మన దేశంలో తయారవడం వెనక ఒక కథ ఉంది. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ 1927లో డీజిల్ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ భాగస్వామ్యంతోనే 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మనందరికీ తెలిసిన బెంగళూరు మైకో, పుట్టింది. 2008లో దాని పేరు బాష్‌గా మారినా, పాత మెకానిక్కుల నోట అది ఇప్పటికీ మైకోనే. ఇంకో వైపు బ్రిటన్ నుంచి వచ్చిన సీఏవీ రకం రోటరీ పంపులు, వాటి ఫిల్టర్లు ట్రాక్టర్లతో పాటు మన పల్లెలకు చేరాయి. లారీ అయినా, జీపు అయినా, ట్రాక్టరు అయినా మూత తీస్తే ఎక్కువగా ఈ రెండు వంశాల్లో ఒకటి కనబడేది.

1970ల చివర్లో అంబాసిడర్‌కు 1489 సీసీ డీజిల్ ఇంజను వచ్చింది. బ్రిటన్ బీఎంసీ కంపెనీ నమూనా అది. ఆ తర్వాత పాత పెట్రోలు కార్లు కూడా వరసగా మెకానిక్ షెడ్లకు చేరాయి. వాటిలో మటడోర్ వ్యాను ఇంజన్లు ఎక్కించి ట్యాక్సీలుగా తిప్పారు. ఇక కారు పేరు చెబితే సామాను దొరికే రోజులు పోయాయి. పైన అంబాసిడర్, లోపల ఇంకేదో. కౌంటర్ మీద తెల్లముఖం వేసిన నాకు మా బాపు (నాన్న) చెప్పిన మాట ఒక్కటే: "ఏం బండి అని గాదు బిడ్డా, ఏం పంపు అని అడుగు."

ఆ మాట మా వ్యాపారానికే పునాది. పంపు తెలిస్తే ఫిల్టర్ రకం చాలావరకు తెలుస్తుంది. మిగతాది కొలత చెబుతుంది. అప్పటి మైకో జంట ఫిల్టర్లలో మొదటి గిన్నెలో గుడ్డ ఎలిమెంట్ పెద్ద మట్టిని ఆపేది, రెండో గిన్నెలో కాగితం ఎలిమెంట్ సన్న నలుసులను ఆపేది. అరలీటరు, లీటరు సైజులు. గిన్నె విప్పి, కడిగి, లోపలి ఎలిమెంట్ ఒక్కటే మార్చేవాళ్లు. దాంతో పాటు రబ్బరు రింగు, రాగి వాషర్లు కొత్తవి వేయాలి. ఆపైన హ్యాండ్ ప్రైమర్ కొడుతూ, స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి. పాత వాషరే మళ్లీ బిగిస్తే ఆదా అయ్యేది రూపాయి, పోయేది పూట పని.

ఇక్కడ దొరకని సామాను సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి వచ్చేది. శాంపిల్ పట్టుకుని పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. బాపు ఏ ఎలిమెంట్ తెచ్చినా దాని ఎత్తు, బయటి వెడల్పు, నడిమి రంధ్రం కొలిచి చిట్టాలో రాసేవాడు. పక్కనే అది ఏయే బండికి సరిపోయిందో రాసేవాడు. ట్రాక్టరు కోసం తెచ్చిన ఎలిమెంట్ ఏ కారుకు కూర్చుందో తెలిసింది ఆ చిట్టాతోనే.

1994లో సుమో, 1998 చివర్లో ఇండికా వచ్చాయి. డీజిల్ కారు మామూలు ఇంటికీ చేరింది. క్రమంగా గిన్నె ఫిల్టర్లు తగ్గి, మరతో బిగించి మొత్తంగా మార్చేసే డబ్బా ఫిల్టర్లు పెరిగాయి. పని సులువైంది, కానీ విప్పి చూసే అలవాటు పోయింది. 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగింది. ఆ తర్వాత రకరకాల పాత సామాను కంపెనీల జాబితాల నుంచి జారిపోతూ వచ్చింది.

ఈలోగా డీజిల్ కూడా మారింది. 2017లో దేశమంతటా గంధకం పది లక్షల్లో 50 పాళ్లకు, 2020 ఏప్రిల్‌లో 10 పాళ్లకు తగ్గింది. మన ఊపిరికి ఇది ఎంతో మేలు. అయితే గంధకం తీసే ప్రక్రియలో డీజిల్ గుణం కూడా కొంత మారుతుంది. పాత డీజిల్‌లో ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్న రబ్బరు రింగులు దానివల్ల కుంచించుకుపోవచ్చు. అమెరికాలో 1993లోనే ఈ లీకులు బయటపడ్డాయి. పంపు తానే ఫిల్టర్ గుండా డీజిల్ లాగుకునే బండ్లలో ఈ లీకు కంటికి కనబడదు. చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. పొద్దున స్టార్ట్ కాని పాత కారుకు బ్యాటరీ మార్చే ముందు ఆ రింగులు చూడండి.

ఇప్పుడు సామాను వెతికేవాళ్లకు నా మాట ఇది. పంపు మీది ప్లేటు చదవండి. పాత ఫిల్టర్ పారేయకుండా శాంపిల్‌గా తెండి. డబ్బా ఫిల్టర్ అయితే మర కొలత (చాలావాటికి 16 మిల్లీమీటర్లు, 1.5 పిచ్), రబ్బరు రింగు వెడల్పు, కింద నీళ్లు వదిలే స్క్రూ ఉందో లేదో చూడండి. ఎలిమెంట్ అయితే ఎత్తులో రాజీ పడొద్దు. కాస్త పొట్టిదైనా డీజిల్ వడపోత లేకుండా పక్కనుంచి పంపులోకి పోతుంది. మర పట్టింది కదా అని సరిపోయినట్టు కాదు.

దుకాణదారులను, మెకానిక్కులను ఒకటే వేడుకుంటున్నాను. ఏ ఎలిమెంట్ దేనికి సరిపోతుందో మీకు నోటికి వచ్చు. దాన్ని కాగితం మీద పెట్టండి, పక్క షెడ్డువాడికి కూడా చూపించండి. ఒక పాత జీపు పొలం దాకా పోవడం, ఒక ట్యాక్సీ డ్రైవరు ఇంటికి బియ్యం తేవడం ఆ కొలతల మీద ఆధారపడి ఉంది. మా చిట్టా ఈ ఏడు కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. కావలసినవాళ్లు వచ్చి రాసుకుని పోవచ్చు.