పోల్చుకోవడం

మొన్న ఒక కథలో "మసక చీకటిలో వచ్చినది ఎవరో పోల్చలేకపోయాను" అని వ్రాస్తే, చదివిన యువ మిత్రుడొకరు "ఎవరితో పోల్చలేకపోయారండీ?" అని అడిగారు. ముందు నవ్వు వచ్చింది, ఆ వెనుకే దిగులూ వేసింది. ఆయన తప్పేమీ లేదు. ఇప్పటి పత్రికల తెలుగులో పోల్చడమంటే రెండింటిని పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చూడటమే. నిరుటి వానలతో ఈయేటి వానలు, ఒక ఆటగాడితో మరొక ఆటగాడు. ఆనవాలు పట్టడమన్న అర్థాన్ని "గుర్తుపట్టు" మెల్లగా తన కిందకి లాక్కుంది.

మాట చాలా పాతది. "పోలు" దక్షిణాది భాషల ఉమ్మడి ఆస్తి. తమిళంలో ఉపమ చెప్పడానికి "పోల", మలయాళంలో "పోలె". కన్నడంలో పదం మొదటి పకారం హకారమైనప్పుడు, పాలు హాలు అయినట్లే, ఇది "హోలు" అయింది. మన కావ్యభాషలోని "పోలె" కూడా "వలె"కు తోడుగా నడిచినదే. కాలు-కాల్చు, కూలు-కూల్చు, తేలు-తేల్చు వరుసలోనే పోలు-పోల్చు. అంటే, ఒకటి మరొకదానిని పోలేటట్లు చేయడం.

ఇందులోకి మనిషిని ఆనవాలు పట్టడం ఎలా వచ్చింది? నాకు తోచినది ఇది. ఎదుటనున్న ముఖాన్ని మనసులో దాచుకున్న ముఖం పక్కన నిలబెట్టి చూస్తాం. రెండూ అతికితే మనిషి తెలిసినట్లు. రెండవ ముఖం లోపలే ఉంటుంది కనుక "ఎవరితో" అన్న మాట వాక్యంలోకి రానక్కరలేదు. "పోల్చుకొను"లోని ఆ "కొను" చేసే పని బహుశా అదే.

సంస్కృతం పట్టిన దారి వేరు. "వివేచించు"లోని విచ్ ధాతువుకు వేరుచేయడమని అర్థం. ఋగ్వేదం పదవ మండలం 71వ సూక్తంలో ధీరులు వాక్కును శుద్ధిచేయడానికి ఉపమానం జల్లెడ. పతంజలి మహాభాష్యం తొలి ఆహ్నికంలోనే ఆ ఋక్కును ఎత్తుకున్నాడు. లాటినులో "సెర్నెరె" అన్నా మొదట జల్లించడమేనట! వాళ్లు విడదీసి తెలుసుకున్నారు, మనం జతచేసి తెలుసుకున్నాం.

అయితే జత కుదిరినంత మాత్రాన పని తీరదు. ఆ చిక్కు దమయంతిది. స్వయంవరంలో ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపంతో వచ్చి కూర్చున్నారు. అయిదుగురూ ఆమె మనసులోని నలుడినే పోలి ఉన్నారు. ఆమె వేడుకుంటే దేవతలు తమ చిహ్నాలు బయటపెట్టారు. వారికి చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలో దండ వాడదు, పాదం నేలకు తగలదు. అయిదవవాడికి మాత్రం నీడ ఉంది, ఒంటిమీద దుమ్ము ఉంది, దండ వాడింది. అరణ్యపర్వంలోని ఈ కథను నన్నయ తెలుగు చేశాడు, శ్రీనాథుడు శృంగారనైషధంలో మళ్లీ చెప్పాడు. నాకు ఇందులో ఎప్పటికీ నచ్చేది ఆ దుమ్మే. అందగాడని పేరుపడ్డవాడిని చివరికి పట్టించినవి చెమట, దుమ్ము, వాడిన పూలు.

మా అమ్మమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిన రోజుల్లో, గుమ్మంలో ఎవరైనా నిలబడితే అరచేయి నుదుటికి అడ్డం పెట్టుకుని "పోల్చుకోలేకపోతున్నాను నాయనా, ఎవరూ?" అనేది. దగ్గరకు వెళితే ముఖమంతా తడిమి, "తాతగారి పోలిక ఎక్కడికి పోతుందిరా" అని కూర్చోబెట్టేది. ఒకే పూటలో క్రియా, నామవాచకమూ రెండూ ఆమె నోట వినేవాళ్లం. ఆపరేషను అయి కట్టు విప్పిన రోజున మంచం పక్కన నిలబడ్డాను. ఆ రోజు చేత్తో తడమలేదు. కాసేపు తేరిపార చూసి, "ఇంత నల్లబడ్డావేమిరా?" అంది.