బైలాదిలా కొండల పటం

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు మీలో చాలామంది ఎక్కే ఉంటారు, బొర్రా గుహలు చూడటానికి. ఆ లైను వేసింది మాత్రం యాత్రికుల కోసం కాదు, దాని చివర బస్తర్‌లో ఉన్న బైలాదిలా కొండల ఇనుప ఖనిజం కోసం. దూరం నుంచి ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కనుక ఆ పేరు.

సైన్సుకు దేశం ఉంటుందా? ఈ కొండల చరిత్ర చూడండి.

ఇక్కడి ఖనిజం గురించి 1899-1900లో నివేదించినవారు ప్రమథనాథ్ బోస్. లండన్‌లో చదివి 1880లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరిన బెంగాలీ. ఆయన దాన్ని 'కనుగొన్నారు' అనడానికి నాకు మనసొప్పదు. బస్తర్ అడవుల్లో మట్టి కొలుములు పెట్టి, కట్టెబొగ్గుతో ఎర్రరాతి నుంచి ఇనుము తీసినవారు అంతకు ముందే ఉన్నారు. బోస్ చేసిన పని వేరు. ఏ దేశంవారైనా చదివి, అక్కడికి వెళ్లి సరిచూసుకోగలిగే రూపంలో ఆ సంగతిని పెట్టారు.

ఆ రూపానికి దేశం లేదు. ఉద్యోగానికి మాత్రం ఉంది! 1903లో తనకన్నా జూనియర్ అయిన థామస్ హాలండ్‌ను పై పదవిలో కూర్చోబెట్టడంతో బోస్ రాజీనామా చేశారు. మయూర్‌భంజ్ సంస్థానంలో చేరి, లండన్‌లో నేర్చిన పద్ధతితోనే గోరుమహిసాని ఖనిజాన్ని గుర్తించి, 1904లో జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశారు. టాటా ఉక్కు కర్మాగారం ఆ ప్రాంతానికి రావడానికి ఆ ఉత్తరమే దారి చూపింది.

బైలాదిలాను 1934-35లో క్రూక్‌షాంక్ సర్వే చేసి, 14 నిక్షేపాలు గుర్తించి, వాటికి 1 నుంచి 14 దాకా అంకెలు వేశారు. యుద్ధం తరవాత ఉక్కు పరిశ్రమను మళ్లీ నిలబెట్టుకుంటున్న జపాన్‌కు ఖనిజం కావలసివచ్చింది. 1957లో అసాదా బృందం వచ్చింది, 1960లో ఒప్పందం కుదిరింది. జపాన్‌వారు కొండలకు కొత్త అంకెలు వేయలేదు. రాతిలో ఇనుము 65 శాతం దాటితే కలకత్తాలోనూ అంతే, టోక్యోలోనూ అంతే. 1968లో 14వ నిక్షేపంలో ఉత్పత్తి మొదలై, ఖనిజం మన విశాఖ రేవు మీదుగా జపాన్ చేరింది.

2019 జూన్‌లో 13వ నిక్షేపం తవ్వవద్దని వేలాది ఆదివాసులు కిరండూల్‌లో ధర్నా చేశారు. ప్రభుత్వం పనులు ఆపించింది. పటంలో 13 అని ఉన్న ఆ కొండ వారికి నందరాజ్ దేవుడు. క్రూక్‌షాంక్ అంకె టోక్యోలో కూడా అర్థమైంది. నందరాజ్ పేరు ఆ అంకెల వరుసలో ఎక్కడా లేదు.