డీ-అడిక్షన్ కౌన్సెలర్ల నేరచరిత్ర విచారణ (తెలంగాణ)

తాగుడు, గంజాయి వంటి వ్యసనాల నుంచి బయటపడాలనుకునేవారికి అండగా నిలిచే కౌన్సెలర్లపై పాత కేసులు ఉన్నాయా అని పోలీసు రికార్డుల్లో చూసే పద్ధతి ఇది. జనం వాడుకలో ఇది పోలీస్ వెరిఫికేషన్. మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి చుట్టుపక్కల పల్లెల్లో, తండాల్లో దీని గురించి మాట్లాడాలంటే గుడుంబా (నాటుసారా) కేసుల గురించి మాట్లాడక తప్పదు.

నిజాం కాలంలో కల్లు, సారాలపై వచ్చే అబ్కారీ రాబడి ఖజానాకు ముఖ్య ఆధారం. ఇక నేరచరిత్ర నమోదు విషయానికి వస్తే, బ్రిటిష్ ఇండియాలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం మనిషి చేసిన పనితో సంబంధం లేకుండా పుట్టుకను బట్టే నేరముద్ర వేసింది. అది రద్దయింది 1952లో. నేరస్థులను గుర్తుపట్టడానికి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో మొదలైంది.

గుడుంబా కేసులకు ఆధారమైన చట్టం సారా వ్యతిరేక ఉద్యమం నుంచి పుట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఊళ్లో సారా దుకాణం మూయించారు. వారికి ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు ఉమ్మడి రాష్ట్రమంతా తెలిసింది. అక్షరదీపం తరగతుల్లో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు నడిపిన ఆ పోరాటం తెలుగునేల చూసిన గొప్ప ప్రజా ఉద్యమాల్లో ఒకటి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించి విదేశీ తరహా మద్యానికి తిరిగి తలుపులు తెరిచింది. సారాపై నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. అందుకే గుడుంబా కాచినవారిపై, దానికి వాడే నల్లబెల్లం, పటిక తరలించినవారిపై ఈనాటికీ 1995 మద్యనిషేధ చట్టం కింద కేసులు పడుతున్నాయి. కేసుతో పాటు తహసీల్దార్ ముందు బైండోవర్ చేయడమూ మామూలే. బైండోవర్ అంటే శిక్ష కాదు, మళ్లీ ఆ పని చేయనని ఇచ్చే పూచీకత్తు మాత్రమే.

వ్యసన చికిత్సకు ప్రభుత్వ ధనం 1985 ప్రాంతంలో మొదలైంది. ఆ ఏడాది వచ్చిన మాదకద్రవ్యాల చట్టం చికిత్స కేంద్రాల ఏర్పాటుకు వీలు కల్పించింది. 1985-86 నుంచి కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తోంది. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసైతే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిచ్చే 64ఎ సెక్షన్ కూడా ఆ చట్టంలో ఉంది. సారా ఆ చట్టం పరిధిలోకి రాదు. గ్రాంటుతో నడిచే కేంద్రాల్లో కౌన్సెలర్‌తో పాటు, ఒకప్పుడు వ్యసనంలో ఉండి మానేసినవారిని పీర్ ఎడ్యుకేటర్‌గా తీసుకుంటారు. ఆ బాధ పడి బయటపడ్డ మనిషి మాటకు ఎదుటివాడి దగ్గర ఉండే విలువ వేరు. అయితే అలాంటివారిలో కొందరి వెనుక పాత కేసు కూడా ఉంటుంది.

2015 తర్వాత తెలంగాణ ప్రభుత్వం గుడుంబాపై దాడులు ముమ్మరం చేసింది. వృత్తి మానిన కుటుంబానికి 2 లక్షల రూపాయల విలువైన పునరావాస పథకం తెచ్చింది. 2016 అక్టోబర్ 11న మహబూబాబాద్ జిల్లాగానూ, దంతాలపల్లి మండలంగానూ ఏర్పడ్డాయి. అదే ఏడాది జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పాత కేసులున్నవారికి ఎంతో మేలు చేసింది: వెరిఫికేషన్ ఫారంలో దాచిన విషయం చిన్న వయసులో జరిగిన అల్ప నేరమైతే, యజమాని దాన్ని మన్నించవచ్చు.

వెరిఫికేషన్ ఖర్చులో చాలా భాగం బయటికి కనబడదు. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే క్లియరెన్స్ పత్రానికి అభ్యర్థి కట్టేది 500 రూపాయలు. ఊళ్లోకి వచ్చి విచారించే కానిస్టేబుల్ జీతం, ఠాణా రిజిస్టర్లు, కంప్యూటర్లు అన్నీ ప్రజాధనమే. దేశంలోని ఠాణాలను కలిపే సీసీటీఎన్ఎస్ పథకానికి 2009లో కేంద్రం 2,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కౌన్సెలర్లకు రాష్ట్రాల లైసెన్సు ఉన్న అమెరికాలో, ఎవరైనా తమ నేరచరిత్ర నివేదికను ఎఫ్‌బీఐ నుంచి తెప్పించుకోవాలంటే 18 డాలర్లు కట్టాలి.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. వడపోత ఎంత అవసరమో, మనుషులు దొరకడం అంతకంటే అవసరమని ఈ లెక్క చెబుతోంది. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స కేంద్రాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కౌన్సెలర్లను కేంద్ర, రాష్ట్ర రిజిస్టర్ల పరిధిలోకి తెచ్చింది. బైండోవర్లు 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కింద జరుగుతున్నాయి.